బావి ఊపిరి తీస్తుందన్న మనిషి

1946 ఎండాకాలం. గద్వాలకు ఎద్దులబండిలో ఒక పూట ప్రయాణం దూరంలో ఉన్న ఊళ్ళో, ఎనిమిది మంచాల చిన్న దవాఖానలో నేను కంపౌండర్‌గా పనిచేస్తున్నాను. ఆ ఊరి పేరు రాయను. ఇందులో వచ్చే డాక్టరుగారి పిల్లలు, మనవలు ఇప్పటికీ ఉన్నారు. వాళ్ళు చేసిన తప్పేమీ లేదు.

కంపౌండర్ అంటే ఏమిటో ఇప్పటివాళ్ళకు చెప్పాలి. అప్పట్లో మందులన్నీ తయారై వచ్చేవి కావు. డాక్టరు చీటీ రాసిస్తే, మేము పొడులు తూచి, ఔన్సు గ్లాసులో నీళ్ళు కొలిచి, కలిపి సీసాలో పోసేవాళ్ళం. దాన్ని మిక్చర్ అనేవాళ్ళం. సీసాకు ఒక పక్క కాగితపు పట్టీ అంటించి, దానికి కత్తెరతో గాట్లు పెడితే, ఒక్కో గాటు ఒక్కో మోతాదు. కట్లు కట్టడం, కేస్ షీట్ రాయడం కూడా నా పనే. రోగి ఏం చెప్పాడు, డాక్టరు ఏం చూశాడు, ఏం మందు ఇచ్చాం అనేవి రాసే కాగితమే కేస్ షీట్. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని డాక్టరుగారు ఆ పని నాకు అప్పజెప్పారు. ఆ గుండ్రటి చేతిరాతతోనే నేను ఒక మంచి మనిషిని పిచ్చివాణ్ణి చేశాను.

ఆయన పేరు ఆశన్న. ధరూరు వైపు పల్లె. నలభై ఏళ్ళలోపు మనిషి, బావులు తవ్వడం పని. ఒకరోజు పొద్దున పది గంటలప్పుడు, చేతులు వెనక్కి విరిచి కట్టి, బండిలో పడేసి తీసుకొచ్చారు. తెచ్చినవాడు ఆయన చిన్నాయన కొడుకు హనుమంతు. బండి వెనకాల కాలినడకన వచ్చింది ఆశన్న భార్య సవారమ్మ. ఆమె కాళ్ళు మోకాళ్ళదాకా ఎర్రమట్టిగా ఉన్నాయి.

హనుమంతు చేతులు కట్టుకొని డాక్టరుగారి ముందు నిలబడ్డాడు.

"మిలట్రీల కూలిపనికి పోయి నాలుగేండ్లకు ఒచ్చిండు సాబ్. ఒచ్చినకాంచి గిదే వరస. సముద్రంల కడియం లెక్క ఊరుందంటడు. ఆడ బావి ఊపిరి తీస్తదంటడు. ఊరంత నవ్వుతుండ్రు. మొన్న చేన్ల బావిలకు దిగి కూసున్నడు, ఎంత పిల్సినా పైకి రాలే. మాకు పరేషాన్ అయితుంది."

గుమ్మం దగ్గరి నుంచి సవారమ్మ అందుకుంది. "ఆ చేను మాది సాబ్. ఆ బావి మేమిద్దరం తవ్వుకున్నది. ఈయన లేని నాలుగేండ్లు నేనొక్కదాన్ని చెయ్యలేక గాయనకు దున్నుకోమని ఇస్తి. ఇప్పుడు ఇడువుమంటె, మా ఆయనకు పిచ్చి అంటుండు. జర మంచిగ చూడుండ్రి సాబ్."

"ఆడమనిషిని బయట కూర్చోమను," అన్నారు డాక్టరుగారు నాతో. ఆయన చెప్పినట్టే నేను ఆమెను బయటికి పంపాను.

డాక్టరుగారు ఆశన్న నాడి చూడలేదు. కళ్ళు చూడలేదు. పొట్ట నొక్కి చూస్తే మలేరియాతో పెరిగిన ప్లీహం చేతికి తగిలేది, అదీ చేయలేదు. కుర్చీలో వెనక్కి వాలి మూడు ప్రశ్నలు అడిగారు.

"ఎక్కడికి పోయినావు?"

"పేరు తెల్వదు సాబ్. మాకు చెప్పలే. ఎవ్వరికి చెప్పొద్దని గూడ అన్నరు."

"ఎట్లా ఉంటుంది ఆ ఊరు?"

"కడియం లెక్క ఉంటది. బయట సముద్రం, నడుమల గూడ సముద్రమే. కడియం మీద మనుషులుంటరు."

"తాగడానికి నీళ్ళు?"

"మోచేతి లోతు తవ్వితె తియ్యటి నీళ్ళు పడ్తయి. ఇంక లోతుకు పోతె ఉప్పు. దినాం రెండు తాపల బావి పైకొస్తది, రెండు తాపల దిగుతది. ఊపిరి తీస్కున్నట్టు."

డాక్టరుగారు పెద్దగా నవ్వారు. నా వైపు తిరిగి, "రాయి. డెల్యూషన్," అన్నారు. లేనిదాన్ని ఉందని గట్టిగా నమ్మడాన్ని డెల్యూషన్ అంటారు. నేను రాశాను. నాకూ నవ్వొచ్చింది, ఆ మాట దాచడం మర్యాద కాదు. మా పాలమూరులో నలభై మూరలు తవ్వినా తడి తగలని బావులు నేనెన్నో చూశాను. సముద్రం నడుమ మోచేతి లోతులో తియ్యటి నీళ్ళంటే ఎవరు నమ్ముతారు?

ఆశన్న దగ్గర మిలిటరీ వాళ్ళిచ్చిన డిశ్చార్జి కాగితం ఉంది. అందులో ఆయన నంబరు, పనిచేసిన సంవత్సరాలు, 'ఓవర్సీస్' అన్న ఒక్క మాట ఉన్నాయి. సముద్రం దాటి వెళ్ళాడన్నంత వరకే దానర్థం. ఎక్కడికో లేదు. యుద్ధం కదా, ఆ చోటు రహస్యం. ఆ రహస్యం ఈయన మెడకు చుట్టుకుంది.

డాక్టరుగారు ఆ సాయంత్రమే లూనసీ సర్టిఫికెట్ రాశారు. ఈ మనిషికి మతి లేదని డాక్టరు ఇచ్చే పత్రం అది. దాన్ని పట్టుకొని హనుమంతు గద్వాలలో మున్సిఫ్ ముందు దరఖాస్తు పెట్టాడు. మున్సిఫ్ ఒప్పుకుంటే ఆశన్నను సర్కారు పిచ్చాసుపత్రికి పంపుతారు, ఆయన చేనుకు హనుమంతు గార్డియన్ అవుతాడు. పేషీ, అంటే విచారణ, ఐదు వారాల తర్వాత. అప్పటిదాకా మనిషి దవాఖాన వెనక గదిలో ఉండాలి. ఆ గదికి ఒకే కిటికీ. కాలికి తాడు కట్టి మంచం కోడుకు ముడి వేశాం. వేసింది నేనే.

మందు బ్రోమైడ్ మిక్చర్, రోజుకు మూడు మార్లు. మనిషిని మెత్తబరిచే ఉప్పులాంటి పొడి అది. ఆ రోజుల్లో మూర్ఛకు, నిద్ర పట్టకపోవడానికి, పిచ్చికి, అన్నింటికీ అదే ఇచ్చేవారు. ఆశన్న ఏ గొడవా చేయకుండా తాగేవాడు. సవారమ్మ దవాఖాన అరుగు మీదే ఉండిపోయింది. మూడు రాళ్ళు పెట్టుకొని జొన్నరొట్టె కాల్చి కిటికీలోంచి అందించేది. దారిన పోయే ప్రతి మనిషికీ ఒకటే చెప్పేది: "మొన్న ఎద్దు కుంటుతుంటె, ఏ గిట్టల ముల్లుందో చూపుకే చెప్పిండు. పిచ్చోడు చెప్తడా?"

పదో రోజు ఆమె నన్ను వరండాలో ఆపింది.

"కంపోండర్ సాబ్, ఒచ్చిననాడు మా ఆయన మంచిగ మాట్లాడిండు. మీరు గూడ ఇన్నరు. ఇప్పుడు నాలిక మందమైంది, నడుస్తె తూలుతుండు, నా పేరు గూడ ఎంతకో యాదికి తెచ్చుకుంటుండు. పిచ్చి ఆయనకుందా, మీ సీసల ఉందా?"

కోపం వచ్చింది నాకు. ఏమీ చదవని మనిషి నా మందును అంటుందా అని. గదిలోకి వెళ్ళి చూశాను. నాలుక చాపమంటే వణుకుతోంది. మొహం నిండా మొటిమల్లాంటి పొక్కులు. హైదరాబాదులో నాకు పని నేర్పిన ఉస్తాదు చెప్పిన మాట అప్పుడు మెదిలింది: బ్రోమైడ్ ఒంట్లో పేరుకుపోతుంది, ఎక్కువైతే మంచి మనిషి కూడా పిచ్చివాడిలా కనిపిస్తాడు, అప్పుడు మందు ఆపి ఉప్పు, నీళ్ళు బాగా ఇవ్వాలి, నెమ్మదిగా దిగుతుంది. ఐదు వారాలు ఇదే మందు తాగి ఈ మనిషి మున్సిఫ్ ముందు నిలబడితే ఇంకో సాక్ష్యం అక్కర్లేదు. పిచ్చి ఉందని రాసింది మేము, పిచ్చి తెప్పిస్తున్నదీ మేము.

డాక్టరుగారికి చెప్పాను. "నువ్వు మందు కలపడానికి ఉన్నావు. రోగం చెప్పడానికి కాదు," అన్నారు.

ఆ రోజు నుంచి ఆశన్న సీసాలో చక్కెర పాకం కలిపిన రంగునీళ్ళు పోశాను. పట్టీకి గాట్లు మామూలుగానే పెట్టాను. సవారమ్మతో రొట్టెల్లో ఉప్పు ఎక్కువ వేయమని, కుండెడు నీళ్ళు తాగించమని చెప్పాను. ఎందుకని ఆమె అడగలేదు. పొట్ట నొక్కి చూస్తే ప్లీహం పెరిగి చేతికి తగిలింది; మలేరియాకు క్వినైన్ కూడా నేనే మొదలుపెట్టాను. కంపౌండర్ ఇలా చేయడం ఉద్యోగం పోయే తప్పు. తెలిసే చేశాను.

వారం, పది రోజులకు నాలుక తేలికపడింది. మధ్యాహ్నం డాక్టరుగారు భోజనానికి ఇంటికి వెళితే మళ్ళీ నాలుగింటికి వచ్చేవారు. ఆ వేళలో తాడు విప్పి, ఆశన్నను గోడకు ఆనించి కూర్చోబెట్టి అడిగాను. "నిజం చెప్పు. ఆ ఊరు నువ్వు చూశావా?"

"నేను సూడందే ఎట్ల చెప్త సారూ?" అన్నాడు. నాలుగు మధ్యాహ్నాలు చెప్పాడు.

ఓడ దిగిన నాడు ఆయన మొదట దిక్కు చూసుకున్నాడట. బావి తవ్వే మనిషికి అది అలవాటు. చీకటి పడ్డాక ఉత్తరాన ధ్రువ నక్షత్రం కోసం వెతికాడు. లేదు. మబ్బులేమో అనుకున్నాడు. ఉన్నన్నాళ్ళూ, దాదాపు రెండేళ్ళు, ఒక్కనాడూ కనబడలేదు. "చుక్క గూడ రాని దేశానికి ఒచ్చిన అనుకున్న" అన్నాడు.

సముద్రంలో దండలా గుచ్చినట్టు సన్నటి దీవులు. వాటిని కలుపుతూ నీటి కింద రాతిగట్టు. బయటి వైపు అలలు గట్టుకు కొట్టుకొని తెల్లగా లేస్తాయి. లోపలి వైపు నీళ్ళు చెరువులా పచ్చగా, కదలకుండా ఉంటాయి, పెద్ద ఓడలు కూడా వచ్చి నిలబడేంత లోతు. మనుషులున్న దీవిని ఒడ్డు నుంచి ఒడ్డుకు దాటడానికి ఒక చుట్ట కాల్చినంత సేపు చాలు. ఎత్తు అంటే మన గడ్డివాము ఎత్తు కూడా లేదు. గుట్ట లేదు, వాగు లేదు, ఎర్రమట్టి నల్లమట్టి లేవు. కుక్క అనేది ఒక్కటీ లేదు. ఎక్కడ తవ్వినా ఎముకల్లాంటి తెల్లటి రాయి. ఆ రాయి సముద్రంలో పెరుగుతుంది. తడిగా ఉన్నప్పుడు కోస్తే తెగుతుంది, ఎండితే గట్టిపడుతుంది. మసీదు దానితోనే కట్టారు, గోరీల మీది పువ్వులు కూడా ఆ రాతిలోనే చెక్కారు. అక్కడివాళ్ళు ముసల్మానులు, అజాన్ వినబడినప్పుడు మాత్రమే తనకు మన గద్వాల యాదికి వచ్చేదన్నాడు. చేపలు, కొబ్బరి, గుంతలు తీసి అందులో పెంచే చేమదుంప, ఇవీ తిండి. గవ్వలు ఒడ్డున ఇసుకతో సమానంగా పడి ఉండేవి.

ఈయన పని విమానాలు దిగే దారి వేయడం. దారి ఒక ఊరి మీదుగా పోవాలి. ఊళ్ళోవాళ్ళను పడవలెక్కించి పక్క దీవికి పంపేశారు. కొబ్బరిచెట్లు కొట్టించారు.

"మా గుడిసెల పక్కన ఒక ముసలామె ఇల్లుండె," అన్నాడు ఆశన్న. "నేను అవ్వా అంటుంటి. ఆమె నన్ను ఏమంటుండెనో నాకు తెల్వదు. నీళ్ళను వాళ్ళు ఫెన్ అంటరు, గంతే వచ్చు. నాకు జరమొచ్చి పడిపోతె, పొడుగు కర్రకు డబ్బ కట్టి ఉంటది, దాంతోని బావిల నీళ్ళు ముంచి నా నోట్ల పోసింది. మూడు దినాలు పోసింది. వాళ్ళను పంపేనాడు అందరికంటె ఎనక పడవెక్కింది. ఎక్కెముందు కొబ్బరాకుల చాప తెచ్చి బావి మీద కప్పింది. ఇసుక పడొద్దని. మళ్ళ ఒస్త అనుకున్నదేమొ."

నేను మంచినీళ్ళు ఇచ్చాను, తాగలేదు.

"తెల్లారి ఆ బావి పూడ్సుమని నాకే చెప్పిండ్రు. నువ్వు బావులు తవ్వేటోనివి కదా, నీకెరికె అన్నరు. నేను ఎన్ని తవ్విన్నో లెక్క లేదు సారూ, పూడ్సుడు మాత్రం ఎన్నడు ఎరుగ. చాప తీసిన. రాళ్ళు పోసిన. పోస్తుంటె గూడ నీళ్ళు పైకి పైకి ఒస్తుండె. సముద్రం పొంగే యాళ అది. మా చేన్ల బావిలకు దిగి కూసునేది గందుకే. నీళ్ళు చూస్తె ఆమె యాదికొస్తది. గది పిచ్చి అంటె, ఉంది నాకు."

నాకు కేస్ షీట్ గుర్తొచ్చింది. ఇందులో ఒక్క ముక్క కూడా దానిమీద లేదు. మేము అడగలేదు కాబట్టి లేదు.

మర్నాడు ఊళ్ళోని బడికి వెళ్ళి, జుగ్రాఫియా చెప్పే మౌల్వీ సాబ్‌ను కలిశాను. జుగ్రాఫియా అంటే భూగోళం. ఆయన పెద్దవాడు, నెమ్మదస్తుడు. నేను చెప్పింది వింటూనే లేచి బీరువా తీశాడు. ఉర్దూ పుస్తకం ఒకటి, ఇంగ్లీషు అట్లాసు ఒకటి బల్ల మీద పరిచాడు. మలబారు తీరానికి పడమటగా, కిందికి, పెన్సిలు మొనతో పొడిచినట్టు చుక్కల వరుస. దక్షిణపు కొసన ఉన్న చుక్క మీద వేలు పెట్టాడు. ఆ చుక్కకు కాస్త పైగా భూమధ్యరేఖ పోతోంది.

"మాల్దీవులు," అన్నాడు. "ఇట్లాంటి కడియాన్ని అటోల్ అంటారు. మొదట అక్కడ ఒక కొండ ఉండింది కంపౌండర్ సాబ్. దాని చుట్టూ పగడపు పురుగులు గోడ కట్టాయి. కొండ మెల్లగా మునిగింది, గోడ పైకి పెరుగుతూ పోయింది. కొండ పోయిన చోట నడుమ సముద్రం మిగిలింది. వానపడితే ఆ నీళ్ళు రాతిలోకి ఇంకి, ఉప్పునీటి మీద తేలుతూ నిలబడతాయి. ఉప్పునీరు బరువు, తియ్యనీరు తేలిక. కింద సముద్రం పోటెత్తితే పైనున్నదీ లేస్తుంది. రేఖకు ఆవల కాబట్టి ధ్రువ నక్షత్రం కనబడదు. ఎనిమిది వందల ఏళ్ళుగా అక్కడివాళ్ళు ముసల్మానులు. అంతకు ముందు నుంచే మనుషులున్నారు. మన పెద్దలు సంతలో చిల్లరకు వాడిన గవ్వలు అక్కడి నుంచి వచ్చినవే. ఆయన చెప్పిన దాంట్లో అబద్ధం ఏది? నాకు కనబడలేదు."

నేను అక్కడే బెంచీ మీద కూలబడ్డాను. మా దవాఖాన నుంచి ఆ బడికి రెండు వందల అడుగులు కూడా ఉండవు. ఒక మనిషి బతుకును కాగితం మీద ముగించేముందు ఆ రెండు వందల అడుగులు నడవడానికి మాకు తీరిక లేకపోయింది.

పుస్తకం పట్టుకొని డాక్టరుగారి దగ్గరికి వెళ్ళాను. ఆయన చదివారు. రెండుసార్లు చదివారు. చదివి మూసేసి, "ఎవరో చదువుతుంటే విన్నాడు. విన్నదాన్ని చూశాననుకుంటున్నాడు. అది ఇంకా ముదిరిన పిచ్చి," అన్నారు.

ఒళ్ళు మండిపోయింది. నోటితో చెబితే అబద్ధమైంది. అదే పుస్తకంలో ఉందని చూపిస్తే దొంగ మాటైంది. ఇక ఆ మనిషి నిజం చెప్పడానికి దారేది?

"సాబ్, ఒక్కసారి ఆయన్ను మళ్ళీ చూడండి," అన్నాను.

"సంతకం చేశాను. అయిపోయింది," అన్నారు.

పేషీ రోజు ఆశన్నను తాడు లేకుండా బండిలో కూర్చోబెట్టుకొని నేనే గద్వాల తీసుకెళ్ళాను. సవారమ్మ ఎంత చెప్పినా బండెక్కలేదు. ఎద్దుల పక్కనే నడిచింది. మౌల్వీ సాబ్ బడికి సెలవు పెట్టి వచ్చాడు. ఆయనకు ఆశన్న ఎవరో కూడా తెలియదు. చేతిలో అట్లాసు తప్ప వేరే బలమూ లేదు.

హనుమంతు ముందు మాట్లాడాడు. అన్న మీద ప్రేమతోనే ఇదంతా అన్నాడు. డాక్టరుగారు సర్టిఫికెట్ చదివారు. మౌల్వీ సాబ్ పుస్తకం చూపించాడు. ఎవరో చదవగా విన్నాడన్న మాటే డాక్టరుగారు మళ్ళీ అన్నారు. మున్సిఫ్ గారు గడ్డం గీరుకుంటూ ఆశన్న వైపు, పుస్తకం వైపు మార్చి మార్చి చూశారు.

అప్పుడు మౌల్వీ సాబ్ ఒక మాట అడిగాడు. "హుజూర్, ఈ పుస్తకంలో లేనిది, ఆ చోట ఉన్నవాడికి మాత్రమే తెలిసేది ఒకటుంది. భూమధ్యరేఖకు ఆ చోటు ఎంత దగ్గరో చూసి, లెక్క వేసి తెలుసుకున్నాను, ఎవరికీ చెప్పలేదు. కాగితం మీద రాసిస్తాను. మీరే అడగండి."

రాసి, మడిచి ఇచ్చాడు. మున్సిఫ్ గారు విప్పి చూసుకొని, ఆశన్నను దగ్గరికి పిలిచారు.

"మధ్యాహ్నం పూట నువ్వు నిలబడితే నీ నీడ ఎటు పడేది?"

ఆశన్న ఆలోచించలేదు. "యాడ సాబ్, ఈడనా ఆడనా?"

"అక్కడ."

"ఈడ అయితె ఎండకాలం కొన్నాళ్ళు తప్ప ఉత్తరానికే పడ్తది. ఆడ గట్ల లేదు. ఆర్నెల్లు ఉత్తరానికి, ఆర్నెల్లు దక్షిణానికి. నడుమల కొన్ని దినాలు కాళ్ళ కిందనే ఉంటది. గడ్డపార పాతి చూస్తుంటిమి, పని ఎప్పుడు ఆపుతరా అని."

మున్సిఫ్ గారు కాగితం మళ్ళీ చూసుకున్నారు. అందులోనూ అదే ఉంది. "డాక్టరు సాబ్, ఈ సంగతి మీకు తెలుసా?"

"తెలియదు."

"నాకూ తెలియదు. మనిద్దరికీ తెలియనిది, ఆ పల్లెలో ఈయనకు ఎవరు చదివి వినిపించారు?"

మున్సిఫ్ గారు తీర్పు చెప్పారు. దరఖాస్తు కొట్టేశారు. చేను ఆశన్నదే, వానాకాలం దున్నే ముందే హనుమంతు విడిచిపెట్టాలి. సవారమ్మ అప్పటిదాకా గోడకు ఆనుకొని నిలబడి ఉన్నది. ఆ మాట అర్థమయ్యాక ఒక్కసారిగా కూర్చుండిపోయి, కొంగు నోట్లో కుక్కుకొని ఏడ్చింది.

బయట మెట్ల మీద ఆశన్న దగ్గరికి వెళ్ళాను. "కేస్ షీట్ నా చేత్తోనే రాశాను. కాలికి తాడు కూడా నేనే కట్టాను. క్షమించు," అన్నాను.

ఆయన నన్ను తిట్టి ఉంటే బాగుండేది. "నువ్వు రాసినవ్, నేను పూడ్సిన," అన్నాడు. "ఇద్దరం ఎవరో చెప్తె చేసినం. నువ్వు రాసింది కొట్టెయ్యొచ్చు సారూ. ఆ బావి నేను మళ్ళ యాడికి పోయి తవ్వుత?"

మర్నాడు దవాఖానకు వెళ్ళేసరికి, రోగుల రిజిస్టరు నా బల్ల మీద తెరిచి ఉంది. ఆశన్న పేరుకు ఎదురుగా, ఫలితం అన్న గడిలో, డాక్టరుగారు ఎర్ర సిరాతో ఒక్క మాట రాసి ఉంచారు: 'క్యూర్డ్'. నయమైందని. అంటే పిచ్చి ఉండింది, మా మందుతో పోయింది! తప్పు ఒప్పుకోవలసిన చోట పేరు సంపాదించారు. నేనిచ్చిన రంగునీళ్ళు కూడా ఆయన వైద్యంలో చేరిపోయాయి.

ఆ మాట కొట్టేశాను. పక్కనే నా గుండ్రటి చేతిరాతతో రాశాను: 'ఈ మనిషికి పిచ్చి ఎప్పుడూ లేదు. మలేరియా ఉంది, దానికి మేము పది రోజులు మందివ్వలేదు. ఇతను చూసిన ఊరు మాకు తెలియదు.' కింద సంతకం చేశాను. రంగునీళ్ళ సంగతి కూడా వేరే కాగితం మీద రాసి డాక్టరుగారికి ఇచ్చాను. నెల తిరగకుండా నన్ను ఉప్పునుంతల వైపు బదిలీ చేశారు. అక్కడ అప్పుడు సరైన దవాఖాన గది కూడా లేదు. డాక్టరుగారికి ఏమీ కాలేదు. కొన్నేళ్ళకు పెద్ద పదవిలోకి వెళ్ళారు.

యుద్ధం అయ్యాక ఆ దీవివాళ్ళు తమ ఊరికి తిరిగి వచ్చారని, పదేళ్ళు దాటీదాటకముందే ఇంకో విమానాల దారి కోసం మళ్ళీ లేపారని చాలాకాలం తర్వాత ఎక్కడో చదివాను. ఆ రోజు అన్నం ముట్టలేకపోయాను. ఆ అవ్వ అప్పటికి ఉందో లేదో.

మరో ముప్పై ఏళ్ళు ఉద్యోగం చేశాను. ఎందరో డాక్టర్ల దగ్గర, ఎన్నో కేస్ షీట్లు రాశాను. రోగి చెప్పింది నమ్మశక్యంగా లేకపోతే, ఆయన మాటను ఆయన మాటగానే రాసి, దాని కింద 'ఈ సంగతి మాకు తెలియదు' అని చేర్చేవాణ్ణి. కొందరు డాక్టర్లు నవ్వారు, కొందరు కసిరారు. మానలేదు. ఆశన్న కేసు నేర్పింది అది.

ఇంకో సంగతి మాత్రం నేర్చుకున్నా మింగుడుపడలేదు. ఆ రోజు మేము గెలిచింది ఆశన్న మాట మీద కాదు. రెండేళ్ళు ఆ ఎండలో నిలబడి తన నీడను తను చూసుకున్న మనిషి చెప్పింది నిజమని తేలడానికి, ఆ దీవిని ఎన్నడూ చూడని మౌల్వీ సాబ్ లెక్కవేసి రాసిన చీటీ కావలసి వచ్చింది. ఆయన ఆ ఉదయం బడికి సెలవు పెట్టకపోయి ఉంటే, నా చేతిరాతే నిజమయ్యేది.